పిన్ని మాకేమీ కాదు

ఫిబ్రవరి 4, మంగళవారం

ఈ రోజు ఒక తనిఖీ ఆఫీసరు మా సోఫాలో కూర్చుని, మా టీ తాగి, పిన్ని మాకు చుట్టమని తేల్చేసి వెళ్ళింది.

వరసగా రాస్తాను. కోపంలో వరస తప్పితే రేపు నాకే అర్థం కాదు.

పిన్ని పర్మిట్ గడువు దగ్గరపడింది. ఈ దేశంలో ఇంటిపనికి వచ్చినవాళ్ళ వీసాకి ఆ ఇంటి యజమానే స్పాన్సరు కాబట్టి, గడువు పొడిగించే ముందు ఎవరో ఒకరు వచ్చి ఇల్లు చూస్తారు. ఇదివరకు వచ్చినవాళ్ళు గుమ్మంలోనే సంతకం పెట్టించుకుని పోయేవారు. ఈవిడ లోపలికొచ్చి కూర్చుంది. వెంట ఒక దుబాసీ. మనవాడే, తెలుగువాడు. జేబులో రెండు రంగుల పెన్నులు.

నన్నేమీ అడగలేదు. బల్ల దగ్గర హోంవర్కు చేసుకుంటున్న పాపను అడిగింది, ఈమె ఎవరని. పాప తల కూడా ఎత్తకుండా "పిన్ని" అంది.

దుబాసీ అనువదించాడు: తల్లికి చెల్లెలు.

ఆఫీసరు కళ్ళజోడు సర్దుకుంది. టీ తెచ్చిన పిన్నిని అడిగింది, ఈవిడను ఏమని పిలుస్తావని. "అక్కా అంటానండి." అనువాదం: తోడబుట్టిన పెద్దది. ఈవిడ భర్తనో? "బావగారూ అంటాను." అనువాదం: అక్క మొగుడు. ఎక్కడ తింటావు? "ఇదిగో, ఈ బల్ల మీదే." గోడ మీద ఫోటోలు చూసింది. పాప పుట్టినరోజులు, సముద్రపు ఒడ్డు, స్కూలు ఫంక్షన్. అన్నిటిలోనూ పిన్ని ఉంది. తర్వాత సంచీలోంచి పిన్ని వీసా రికార్డు తీసి నా ముందు పెట్టింది. 'స్పాన్సరుతో బంధుత్వం: లేదు.' కింద నా సంతకం.

"మరి ఇదేమిటి?" అంది.

ఇక్కడ సొంత చుట్టాలను పనివాళ్ళ వీసా మీద తీసుకురాకూడదు. కొందరు మరదళ్ళనూ మేనత్తలనూ అలా దింపేశారట, అందుకని. ఆ రూలు నాకు తెలియనిది కాదు. కానీ నాకు కోపమొస్తే ఇక్కడి భాష పారిపోతుంది, తెలుగే మిగులుతుంది. "మాలో అందరినీ వరసపెట్టే పిలుస్తాం, అది మర్యాద. ఆ మాటకొస్తే బస్సు డ్రైవరునైనా అన్నా అంటాం" అన్నాను.

దుబాసీ శ్రద్ధగా చెప్పాడు: బస్సు డ్రైవరు కూడా ఈవిడ అన్నయ్యే అంటున్నారు.

ఆఫీసరు అదీ రాసుకుంది.

ఫిబ్రవరి 5

అనువాదంలో ఒక్క మాట తప్పు లేదు. అదే నా కడుపుమంట.

ఫిబ్రవరి 6

మా ఇంట్లో పనిమనిషి అన్న మాటే వినపడదు. పిన్ని వచ్చిన మొదటి వారంలోనే ఆ రూలు పెట్టాను. "అమ్మగారూ" అనబోతే ఆపి "అక్కా అను" అన్నది నేను. పాపకి మాటలొచ్చే వయసులో "పిన్ని అను" అని నేర్పింది నేను. పనావిణ్ణి పేరుపెట్టి కేకేసే స్నేహితురాలి ఇంటికి వెళ్ళడమే మానేశాను. అలాంటిది, గౌరవం ఇచ్చినందుకు నేరమట. తిట్టి పిలిచుంటే పది నిమిషాల్లో సంతకం పెట్టి పోయేవాళ్ళు.

ఇవాళ మా ఆస్పత్రి ల్యాబులో కూడా ఇదే రభస. రాత్రి డ్యూటీలకి ఓవర్‌టైమ్ అడిగితే పెద్ద డాక్టరు చేతులు రెండూ చాపి, "మనమంతా ఒకే కుటుంబం కదా" అన్నాడు. కుటుంబమట. కుటుంబంలో గంటలు లెక్కపెట్టరట. యూనియన్ సెక్రటరీని నేను బతికుండగా ఆ మాట అన్నాడు. లేచి ఉతికి ఆరేశాను. నెత్తుటి సీసాలు మోసే అమ్మాయిలు కూడా చప్పట్లు కొట్టారు.

ఇంటికొచ్చి పిన్నికి చెబితే, "ఇస్తారా మరి?" అంది.

"ఇవ్వక చస్తారా?"

"ఇచ్చాక చెప్పండక్కా" అని కుక్కరు కడుక్కోడానికి వెళ్ళిపోయింది.

ఫిబ్రవరి 7

దుబాసీకి ఫోన్ చేశాను. ఎత్తలేదు. బతికిపోయాడు.

ఫిబ్రవరి 10, సోమవారం

పర్మిట్ల ఆఫీసులో పట్టుకున్నాను. క్యాంటీన్ మెట్ల మీద బిస్కెట్లు తింటున్నాడు.

"ఏమయ్యా, పిన్ని అంటే తల్లి చెల్లెలా?"

"కాదా మేడమ్?" అన్నాడు, నిజంగానే సందేహం వచ్చినట్టు.

"వట్టి పిలుపయ్యా అది. మర్యాదకి. నీకు తెలీదూ?"

"తెలుసు మేడమ్. కానీ మాట అనువదించడమే నా పని. మర్యాదకి కాలమ్ లేదు."

"నీ ఇంట్లో పనావిణ్ణి ఏమంటారు?"

"పేరుపెట్టి పిలుస్తాం. ఆవిడ సార్ అంటుంది. ఆదివారం రమ్మన్నా రాదు. మాకు రెండుసార్లు తనిఖీ అయింది. రెండుసార్లూ ఆఫీసరు కూర్చోను కూడా లేదు." బిస్కెట్ల పొట్లం నా వైపు చాపాడు. "తీసుకోండక్కా."

అక్కా అన్నాడు. ఆ మెట్ల మీద నేనన్న మాటలు డైరీలో కూడా రాయలేను.

ఫిబ్రవరి 13

ఉత్తరం వచ్చింది. మార్చి ఆరున హియరింగు. మాకు రెండు దారులిచ్చారు.

ఒకటి: పిన్ని నా బంధువేనని ఒప్పుకుంటూ సంతకం చెయ్యడం. జరిమానా ఉండదు. పనివీసా తీసేసి, నా మీద ఆధారపడిన చుట్టంగా వేరే పర్మిట్ ఇస్తారు. బయట ఎక్కడా పని చెయ్యకూడదు.

రెండు: కాదని వాదించడం. మా దగ్గర ఆమె చేసింది ఉద్యోగమేనని రుజువులు చూపించాలి. ఓడితే వీసా రద్దు, ఇన్నేళ్ళ సర్వీసూ రికార్డులోంచి కొట్టేస్తారు, ఆమె వెనక్కి వెళ్ళిపోవాలి.

పిన్ని నా చేత ఉత్తరం రెండుసార్లు చదివించుకుంది. రెండోసారి కూడా సర్వీసు అన్న చోటే ఆపమంది. "వాదిద్దాం" అంది.

సహజం. ఎవరైనా అదే అంటారు. మా ఆయన లాయరు కోసం ఫోన్లు చేస్తున్నాడు.

ఫిబ్రవరి 15, శనివారం

లాయరమ్మాయి వచ్చింది. తెలుగమ్మాయే, చురుకైంది. వచ్చీ రాగానే, "ఆవిడ ఉద్యోగి అనడానికి మీ దగ్గర ఏముంది?" అంది.

"ఏముంటుంది? మేం ఏనాడూ ఉద్యోగిలా చూడలేదు" అన్నాను. కొంచెం గర్వంగానే అన్నాను.

"జీతం బ్యాంకులో వేశారు, మంచిదే. కానీ చుట్టాలకి కూడా డబ్బు వేస్తాం కదా. వారానికి సెలవు ఏ రోజు?"

"ఇంట్లో మనిషికి సెలవేంటమ్మా? కావలసినప్పుడు తీసుకుంటుంది."

"ఎప్పుడు తీసుకున్నారు?"

మా ఆయన వైపు చూశాను. ఆయన ఫ్యాను వైపు చూశాడు.

"ఆవిడకే అక్కర్లేదు" అన్నాను.

లాయరమ్మాయి ఎందుకో సంతోషపడింది. "ఇది పనికొస్తుంది. సొంత చెల్లెలితో ఎవరూ ఇలా చేయించుకోరు." రాసుకుంది. "బల్ల మీద తింటారన్నారు. మీతోపాటా, మీరయ్యాకా?"

"వేడివేడిగా వడ్డించాలంటే ఎవరో ఒకరు తర్వాత తినాలి కదా."

"చాలా బావుంది. గది చూడొచ్చా?"

పిన్ని గది వాషింగ్ మెషీన్ పక్కది. మంచి గదే. కిటికీ లేదన్నమాటే గానీ, ఇంట్లో అన్నిటికంటే వెచ్చన. మా సూట్‌కేసులు, ఇస్త్రీ బల్ల, పాప చిన్నప్పటి ఊయల కూడా అక్కడే ఉంటాయి, వేరే చోటు లేక. లాయరమ్మాయి గుమ్మంలో నిలబడి నాలుగు వైపులా ఫోటోలు తీసుకుంది. తలుపుకి లోపల గొళ్ళెం లేదని అదొకటి విడిగా తీసింది.

తర్వాత గోడ దగ్గరికెళ్ళింది. ఆఫీసరు చూసిన ఫోటోలే. ఒక్కోదాని ముందు ఆగి చూసింది. "మేడమ్, మీరు గమనించారా? ఒక్కదాంట్లో కూడా ఈవిడ చేతులు ఖాళీగా లేవు. ఇందులో సంచీ. ఇందులో పాప చెప్పులు. ఇక్కడ నీళ్ళ సీసా, తువ్వాలు, మీ కోటు. ఇవన్నీ నాకు కావాలి."

ఫోటో తీసేటప్పుడు ఎవరో ఒకరు పట్టుకోవాలి కదా. ఆ పిల్లకి ఆ మాత్రం తెలియదా? చెప్పలేదు. మన వైపు లాయరు.

"ఆవిడకి పిల్లలెంతమంది?"

"ఒక కొడుకు" అన్నాను.

"ఇద్దరమ్మాయిలు" అంది పాప, రంగు పెన్సిలు చెక్కుకుంటూ. "పెద్దక్కకి పెళ్ళయింది. పిన్ని ఫోన్లో చూసింది. నాకు జ్వరమొచ్చింది కదా అప్పుడు."

లాయరమ్మాయి పెన్ను ఆగింది. "కూతురి పెళ్ళికి వెళ్ళలేదా ఈవిడ?"

"మేం వద్దనలేదు" అన్నాను. "ఆవిడే ఆగిపోయింది. పాప అంటే ప్రాణం."

"హియరింగులో ఇవన్నీ అడుగుతారు మేడమ్. తప్పు చెప్పినా ఫర్వాలేదు."

"నేను అబద్ధం చెప్పను."

"అబద్ధం అక్కర్లేదు. మీకు తెలిసింది చెప్పండి, చాలు."

వెళ్ళబోతూ వీసా రికార్డు మరోసారి తిరగేసి, ఆగి, నవ్వింది. "ఈ చెల్లెలు అక్క కంటే ఆరేళ్ళు పెద్దది. ఎందుకండీ మరి మిమ్మల్ని అక్కా అంటుంది?"

"అది గౌరవం."

"ఎవరికి?"

లాయర్లకు నోటిదురద. పిన్ని నాకంటే పెద్దదని తెలుసు. అంత పెద్దదని తెలియదు.

ఫిబ్రవరి 16

వెచ్చటి గది అన్నది నిజం. చలికాలంలో నేను కూడా బట్టలు ఆరేయడానికి అక్కడికే వెళతాను.

ఫిబ్రవరి 18

లాయరమ్మాయి సలహా మీద ఇంట్లో రిహార్సల్సు మొదలయ్యాయి. హియరింగులో నోరు జారకుండా ఇప్పట్నుంచే అలవాటు కావాలట. పిన్ని నన్ను మేడమ్ అనాలి.

సిగ్గుపడుతుందేమో, బాధపడుతుందేమో అనుకున్నాను. పొద్దున్నే కాఫీ తెచ్చి, "మేడమ్, కాఫీ మేడమ్. పంచదార సరిపోయిందా మేడమ్? చల్లారితే మళ్ళీ వేడి చెయ్యమంటారా మేడమ్?" అంది. మొహంలో ఒక్క గీత కదిలితే ఒట్టు.

"మరీ అన్నిసార్లు అక్కర్లేదు" అన్నాను.

"సరే మేడమ్."

మా ఆయనకి హుషారొచ్చింది. "నన్నేమంటావు?"

"సార్ అంటాను సార్."

"బావుందే. ఆఫీసులో కూడా నన్నెవరూ ఇంత బాగా అనరు."

ఆయన్ని కొరకొరా చూశాను. పాప మాత్రం ఒప్పుకోలేదు. పేరుపెట్టి పిలవమంటే, "నాకు రాదు" అని గదిలోకి పోయి తలుపేసుకుంది. పిన్ని తలుపు దగ్గర నిలబడి చాలాసేపు ఏదో చెప్పింది. ఏం చెప్పిందో వినపడలేదు.

సాయంత్రం వంటింట్లోంచి వచ్చి, "మేడమ్, ఆదివారం సెలవు తీసుకోమంది లాయరమ్మ. రికార్డుకి మంచిదట" అంది.

"తప్పకుండా. నేనే చెబుదామనుకుంటున్నా."

ఫిబ్రవరి 23, ఆదివారం

పొద్దున్నే బూట్లు వేసుకుని వెళ్ళిపోయింది. ఆవిడకి బూట్లున్నాయని నాకు తెలియదు.

పప్పుడబ్బా దొరకలేదు. దొరికాక కుక్కరు మూత పట్టలేదు. పాప స్నానానికి వేడినీళ్ళు రావాలంటే ఏదో మీట రెండుసార్లు నొక్కాలట, ఆ కిటుకు పిన్నికే తెలుసు. మధ్యాహ్నం ముగ్గురం బ్రెడ్డు తిన్నాం. నేను గృహశ్రమ మీద యూనియన్ పత్రికకి రాస్తున్న వ్యాసం ముందుకు కదల్లేదు.

చీకటిపడుతుండగా వచ్చింది. బుగ్గలు ఎర్రగా, చేతిలో ఒక బఠాణీల పొట్లం. ఎక్కడికెళ్ళావని అడగబోయి ఆగాను. చెల్లెలైతే అడగొచ్చు. ఉద్యోగిని అడగడానికి నాకేం హక్కు? పైగా ఉద్యోగుల సెలవురోజు ఆరా తీయడం గురించి మా పెద్ద డాక్టరుకి నేనే నోటీసు ఇచ్చాను.

ఆవిడ చెప్పలేదు. నాకు బఠాణీలు పెట్టింది.

ఫిబ్రవరి 24, సోమవారం

ఉత్తరంలోని మొదటి దారి గురించి ఆలోచిస్తున్నాను. కోపంలో సరిగా చదవలేదు గానీ, ఎంత అందమైన పరిష్కారం. ఆమెను ఉద్యోగి అని రుజువు చెయ్యడానికి అవమానపరిచే బదులు, నిజంగానే చెల్లెలిని చేసుకోవచ్చు. చట్టప్రకారం. ఏ ప్రభుత్వమైనా మనిషికి ఇంతకన్నా ఏమివ్వగలదు?

బట్టలు మడతపెడుతుంటే చెప్పాను. "పిన్నీ, ఈ హియరింగులూ అవీ ఎందుకు? నువ్వు నా చుట్టానివని సంతకం పెడతాను. నిన్నెవరూ కదపలేరు. ఎప్పటికీ మాతోనే ఉంటావు."

దుప్పటి కొస ఒకటి నా చేతికిచ్చింది. రెండో కొస తను పట్టుకుంది. "జీతం?"

"ఇస్తాను. రికార్డులో ఉండదు, అంతే."

"ఇన్నేళ్ళు చేసింది?"

"ఏం చేసింది?"

"పనక్కా. చేసిన పని. అదేమవుతుంది?"

తర్వాత తనే చెప్పింది. ఈ ఒక్కసారి గడువు పొడిగిస్తే నెలలోపే ఆమె సర్వీసు పూర్తవుతుంది. తర్వాత సొంత పర్మిట్ ఇస్తారు. ఏ స్పాన్సరూ అక్కర్లేదు, ఎవరి దగ్గరైనా పని చేసుకోవచ్చు. నిన్న ఒక స్కూలు క్యాంటీనుకి వెళ్ళి మాట్లాడి వచ్చింది. వంటలో సాయం. వాళ్ళే గది ఇస్తారు.

"ఎవరు చెప్పారు నీకు ఈ సొంత పర్మిట్ సంగతి?"

"మీరే."

"నేనా?"

"మీ యూనియన్ వాళ్ళకి ఫోన్లో చెప్తుంటారుగా. తెగకుండా చేసిన సర్వీసుని ఏ మొనగాడూ కాజెయ్యలేడు అని. పక్కనే కూరలు తరుగుతుంటాను కదా, చెవిన పడుతుంది." దుప్పటి మడిచి నా చేతిలోంచి తీసుకుంది. "గదికి తాళముందక్కా. లోపల్నుంచి కూడా పడుతుంది. చూశాను. వేసి తీశాను."

ఫిబ్రవరి 25

పాలు పోసి పెంచిన... వద్దు. ఆ సామెత రాయను.

ఫిబ్రవరి 26

సొంత పర్మిట్ పేరా నాకు తెలియక కాదు. స్పాన్సరుగా మొదటి సంతకం పెట్టినప్పుడే చదివాను. మాకు వర్తించేది కాదనుకున్నాను.

ఆమెకి ఇక్కడ ఏం తక్కువైంది? కోపంగా అడగడం లేదు. నిజంగా తెలుసుకుందామనే.

ఫిబ్రవరి 28

మా ఆయన ఏ నాలుగు నెలలకో ఒకసారి నోరు విప్పుతాడు. ఇవాళ విప్పాడు. "మీ ల్యాబులో పిల్ల వేరే ఆస్పత్రికి పోతానంటే, పెద్ద డాక్టరు సర్వీసు సర్టిఫికెట్ తొక్కిపెడితే నువ్వేం చేస్తావు?"

"అది వేరు" అన్నాను.

మార్చి 1

అది వేరు.

మార్చి 4

రెండు కాగితాలూ నింపాను. బంధువని ఒకటి, కాదని ఒకటి. ఏది ఇవ్వాలన్నది ఆ రోజు పరిస్థితిని బట్టి. సంతకం ఇంకా పెట్టలేదు, సంతకాలకి వాడే పెన్ను కనపడలేదు. ఎక్కడుందో పిన్నినే అడగాలి. అడగలేదు.

మార్చి 6, గురువారం

హియరింగు. చిన్న గది, పెద్ద బల్ల. ఆ ఆఫీసరే, ఆ దుబాసీయే. నా సంచీలో రెండు కాగితాలు. పిన్నికీ లాయరమ్మాయికీ ఒకటే తెలుసు.

మొదట నన్ను అడిగారు. ఈమె పుట్టిన ఊరు? తెలియదు. పుట్టినరోజు? తెలియదు. భర్త ఉన్నాడా? ఉన్నాడనుకుంటాను. పిల్లల పేర్లు? పెద్దమ్మాయిది... తెలియదు. ఒక్కో తెలియదుకీ లాయరమ్మాయి బల్ల కింద ఒక్కో టిక్కు పెట్టుకుంది. ఏ పరీక్షా నేనింత బాగా రాయలేదు.

తర్వాత పిన్నిని అడిగారు. అక్కడ కథ అడ్డం తిరిగింది. మా ఆయన చొక్కా కొలత, పాపకి పడని మందు, నా రక్తపోటు మాత్ర, నేను ఎవరితో ఎందుకు మాట్లాడటం మానేశానో, అన్నీ చెప్పేసింది. ఆఫీసరు మొహం వికసించింది. "ఇన్ని సంగతులు తెలిసిన మనిషి పనావిడా?"

"తెలియకుండా వండితే ఇక్కడికి కాదండీ, ఆస్పత్రికి వెళ్ళేవాళ్ళం" అంది పిన్ని.

దుబాసీ అనువదించాడు. ఎవరూ నవ్వలేదు. ఆరేళ్ళు పెద్దదైన చెల్లెలి సంగతి లాయరమ్మాయి ఎత్తింది. "చెల్లెలు కాకపోతే ఇంకేదో వరస. మీలో వరసలకి లోటా?" అంది ఆఫీసరు.

అప్పుడు నా వైపు తిరిగింది. మెత్తగా మాట్లాడింది, నన్ను ఓదారుస్తున్నట్టు. "ఇన్నేళ్ళలో ఈమె సెలవు తీసుకోలేదు. ఒక్క ఫిర్యాదు లేదు. జీతం పెంచమని అడిగిన దాఖలా లేదు. మీ పాపకి జ్వరమని సొంత కూతురి పెళ్ళి మానుకుంది. ఏ ఉద్యోగీ ఇలా చెయ్యదు. దాచుకోవడం దేనికమ్మా? ఆ మొదటి కాగితం ఇవ్వండి, హాయిగా కలిసి ఇంటికి వెళ్ళండి. మీరంతా ఒకే కుటుంబం."

నా చెయ్యి సంచీలోనే ఉంది. మొదటి కాగితం మీదే ఉంది. నేను రాసుకునే డైరీలో నాకే అబద్ధం దేనికి.

కానీ ఆ మాట వినపడింది. ఒకే కుటుంబం. నేను లేవడం నాకు తెలియలేదు. లేచాక తెలిసింది, తెలుగులో మాట్లాడుతున్నానని.

"ఆగండి. ఈ పాట నాకు కంఠతా వచ్చు. సెలవు అడగలేదు కాబట్టి సెలవు అక్కర్లేదంటారు. ఫిర్యాదు లేదు కాబట్టి సుఖంగా ఉందంటారు. ఫిర్యాదు ఎవరికి చెయ్యాలి? వీసా ఎవరి గుప్పిట్లో ఉందో వాళ్ళకేనా? జీతం పెంచమని అడగలేదట. అడిగితే ఏమవుతుందో తెలిసినవాళ్ళు అడగరు. నోరెత్తని మనిషిని చూసి అదే ప్రేమనుకోవడం యజమానులకి పుట్టుకతో వచ్చే జబ్బు. ఈ కుటుంబం అనే మాట ఎప్పుడొస్తుందో చూడండి. సెలవివ్వాల్సి వచ్చినప్పుడొస్తుంది. గంటలు లెక్కకట్టాల్సి వచ్చినప్పుడొస్తుంది. వాటాలప్పుడు రాదు. కుటుంబమైతే ఈమెకి కిటికీ ఉన్న గది ఏదీ? ఆ గదికి గొళ్ళెం ఏదీ? కూతురి పెళ్ళి మానుకుంటే అది త్యాగమట. మానుకోక తప్పని చోట ఎవరు పెట్టారు ఆమెను? ఈవిడ చేసింది పని. రోజూ చేసింది. దానికి ముద్దుపేరు పెట్టి కాజెయ్యడానికి ఏ యజమానికీ హక్కు లేదు."

కూర్చున్నాను. దుబాసీ అనువదిస్తున్నాడు, తొందర లేకుండా, ఒక్క మాట పోకుండా. గొళ్ళెం అన్న దగ్గర చేత్తో చూపించాడు కూడా. ఎక్కడైనా తప్పు దొరుకుతుందేమోనని వింటూ కూర్చున్నాను. దొరకలేదు.

ఆఫీసరు ఏదో అడిగింది. నాకు ఆ భాష వచ్చు, అయినా దుబాసీ చెప్పేదాకా ఆగాను.

"ఇంతకీ ఆ యజమాని ఎవరని అడుగుతున్నారు మేడమ్."

"నేనే" అన్నాను.

పిన్ని నా సంచీ తన ఒళ్ళోకి లాక్కుని, రెండో కాగితం తీసి, నా ముందు పెట్టి, తన జాకెట్టులోంచి పెన్ను తీసి ఇచ్చింది. నా పెన్నే. మొదటి కాగితం కూడా కళ్ళబడే ఉంటుంది. దాని గురించి ఇప్పటిదాకా ఒక్క మాట అనలేదు.

బస్సులో పక్కపక్కనే కూర్చున్నాం. రెండు స్టాపుల తర్వాత, "గట్టిగా మాట్లాడారు మేడమ్" అంది. ఇంకో స్టాపు తర్వాత, "పాలు అయిపోయాయి, దారిలో దిగుదాం" అంది.

మార్చి 7

అది వాదన. వాదనలో సవాలక్ష అంటాం. పెద్ద డాక్టరు మొహం గుర్తొచ్చి అన్నాను, అంతే.

మా ఆయనకి అంతా చెబితే చాలాసేపు నవ్వాడు. "ఇన్నేళ్ళలో నీ మీద వాదించి గెలిచినవాళ్ళు లేరు. చివరికి నువ్వే కావాల్సొచ్చింది" అన్నాడు.

మార్చి 27

తీర్పు వచ్చింది. 'స్పాన్సరుకూ కార్మికురాలికీ మధ్య ఎటువంటి సంబంధమూ లేదని నిర్ధారణ అయినది. సర్వీసు కొనసాగింది.' గడువు పొడిగించారు.

లాయరమ్మాయి ఫోన్లో కేకలేసింది. మా ఆయన కేకు తెచ్చాడు. ఎటువంటి సంబంధమూ లేదని తేలినందుకు నలుగురం ఒకే బల్ల చుట్టూ కూర్చుని కేకు తిన్నాం. ఈసారి పిన్ని కూడా మాతోపాటే తింది. ఎవరు కొయ్యాలో తెలియక కాసేపు కత్తి అలా ఉండిపోయింది. చివరికి పాప కోసింది.

ఏప్రిల్ 30

పిన్నికి సొంత పర్మిట్ వచ్చింది. క్యాంటీను వాళ్ళు బడి తెరిచేలోపు రమ్మన్నారట. పిన్ని గది ఖాళీ చేసింది. ఆమె సామాను ఒక పెట్టె, ఒక సంచీ. మా సామాను తీసి గది ఊడవడానికే ఎక్కువ సేపు పట్టింది. ఇంటి తాళంచెవి బల్ల మీద పెట్టి, "సరి చూసుకోండి మేడమ్" అంది. రిహార్సలో, అలవాటో, ఇంకేమన్నానో.

పాప బస్సుదాకా వెళ్ళింది. నేను వెళ్ళలేదు. ఫోన్లో యూనియన్ పని ఉంది. ఓవర్‌టైమ్ ఇస్తామని ఒప్పుకున్నారు.

మే 3

కుక్కరు మూత పట్టింది.

మే 18, ఆదివారం

కాలింగ్ బెల్ మోగింది. పిన్ని. బూట్లు, కొత్త గొడుగు, పళ్ళ సంచీ. ఎప్పుడూ తాళం తీసుకుని వచ్చే మనిషి గుమ్మంలో నిలబడి ఉంది. "రండి" అన్నాను. అనేశాక ఇద్దరం ఒకరినొకరు చూసుకున్నాం.

ఆఫీసరు కూర్చున్న చోటే కూర్చుంది. లేవబోతే పాప చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. క్యాంటీనులో పెద్ద వంటావిడ నోరు మంచిది కాదట, అయినా రెండింటికల్లా పని అయిపోతుందట. గది కిటికీలోంచి ఆటస్థలం కనపడుతుందట. చిన్నమ్మాయి వచ్చే నెల చూడటానికి వస్తుందట. ఆ పిల్ల పేరు చెప్పింది. గుర్తుంచుకోవాలి.

టీ నేను పెట్టాను. పొడి ఎక్కడుందో ఇప్పుడు తెలుసు. ఆమె టీలో పంచదార ఎంత వేసుకుంటుందో తెలియలేదు. వంటింట్లోంచి కేకేసి అడగాల్సొచ్చింది.

"వేసుకోనక్కా" అంది హాల్లోంచి.

అక్కా అంది. మేడమ్ అని కాదు. మరిగిన టీ కప్పుల్లో పోసి ట్రేలో పెట్టాను.

పాప ఫోన్ పట్టుకుని ఫోటో తీస్తానంది. "పిన్నీ, అమ్మా, ఇటు చూడండి."

ఫోటో ఇప్పుడు నా ముందుంది. బాగా రాలేదు. పిన్ని సోఫా అంచున నిటారుగా కూర్చుంది. పట్టుకోవడానికి ఏమీ లేక, రెండు చేతులూ ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు గాల్లో ఉన్నాయి. నేను పక్కన నిలబడి ఉన్నాను, టీ ట్రేతో.

ఫోటో తీసేటప్పుడు ఎవరో ఒకరు పట్టుకోవాలి కదా.